కూల్చిన కోట, కూలుతున్న దివాణం

ఒట్టపిడారం నుంచి పాంచాలంకురిచి మూడు కిలోమీటర్లు. ఎట్టయపురం ఉత్తరంగా ముప్పై దాకా ఉంటుంది. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకు రెండూ చూసేయొచ్చు. కానీ అలా చూసేవాళ్లు తక్కువ. కోట చూసినవాళ్లు అటునుంచి అటే తిరుచెందూరు మురుగన్ దగ్గరికి పోతారు. ఎట్టయపురం వెళ్లేవాళ్లు సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఇల్లు చూసి తిరిగొస్తారు. ఈ రెండు ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలని ఎవరికీ తోచకపోవడానికి కారణం ఉంది. తమిళనాట పిల్లలకు బడిలోనే తీర్పు చెప్పేస్తారు: పాంచాలంకురిచిది వీరుడి వంశం, ఎట్టయపురానిది ద్రోహి వంశం. తీర్పు వచ్చేసిన కేసులో సాక్ష్యాలు చదివే ఓపిక ఎవరికుంటుంది?

సాక్ష్యాలు మాత్రం చదవదగినవే, ముఖ్యంగా తెలుగువాళ్లకు. వీరుడూ, ద్రోహీ ఇద్దరూ ఇంట్లో తెలుగు మాట్లాడిన రాజకంబళ నాయకులే. 16వ శతాబ్దంలో మదురై నాయక రాజు విశ్వనాథుడు, ఆయన దళవాయి అరియనాథ ముదలియార్ కలిసి దక్షిణ దేశాన్ని 72 పాళేలుగా పంచారని సంప్రదాయం. తిరునెల్వేలి సీమలో పడమటి కొండవారం మరవ కులం పాళెగాళ్లకు దక్కింది. తూర్పున ఉన్న నల్లరేగడి మెట్ట ఎక్కువగా తెలుగు నాయకులకు దక్కింది. పడమటి వర్గానికి నెర్కట్టుంసెవల్ పులిత్తేవన్ పెద్ద. తూర్పు వర్గంలో పెద్ద పాళేలు ఈ రెండే. పొలిమేర తగాదాలు ఉన్నా ఒకే కులం, ఒకే నేల, ఒకే భాష. ఇవాళ చూస్తే ఒకరి పేరు తపాలా బిళ్ల మీదికెక్కింది, ఇంకొకరి పేరు తిట్టయింది.

రెండింటి పుట్టుక కథలు వినండి. పాంచాలంకురిచి కథలో వేటకుక్కలు కుందేలును తరుముకొస్తాయి. ఒక చోటికి రాగానే కుందేలు వెనక్కి తిరిగి కుక్కల్నే తరుముతుంది. ఆ మట్టిలో మహిమ ఉందని అక్కడ కోట కడతారు. హంపీ కథ తెలిసినవాళ్లకు ఇది ఎక్కడి సరుకో చెప్పక్కర్లేదు. విజయనగరం నుంచి దిగివచ్చిన జనం తమతో పాటు తెచ్చుకున్న కథే అది. ఎట్టయపురం కథ వేరే దారిలో నడుస్తుంది. పూర్వీకుడొకడు రాజు కొలువులో సోమడనే మల్లుణ్ణి చంపుతాడు. చచ్చినవాడి ఎనిమిదిమంది తమ్ముళ్లూ దిక్కులేనివాళ్లయ్యారని రాజు వాళ్లను చంపినవాడికే అప్పగిస్తాడు. ఆ ఎనిమిదిమందికీ తండ్రి అయ్యాడు కాబట్టి ఎట్టప్పడయ్యాడట. ఒక కథ నేల గురించీ తెగువ గురించీ చెబుతుంది. రెండోది చేసిన హత్యకు పూచీ తీసుకున్న మనిషి గురించి. కథగా రెండోదే నాకు గొప్పగా అనిపిస్తుంది. ఆ వంశం పేరే నమ్మకద్రోహానికి మారుపేరయిందంటే చరిత్రకు ఎంత వెటకారమో!

ఇక కట్టడాలు. పాంచాలంకురిచి పాళెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ కోట మట్టికోట. 1801 యుద్ధంలో స్వయంగా పాల్గొన్న ఈస్టిండియా కంపెనీ సైనికాధికారి జేమ్స్ వెల్ష్ తర్వాత జ్ఞాపకాలు రాస్తూ దాన్ని వర్ణించాడు. ఆయన లెక్కలో అది సుమారు ఐదు వందల అడుగుల పొడవు, మూడు వందల అడుగుల వెడల్పు ఉన్న వంకర దీర్ఘచతురస్రం. గోడ పన్నెండు అడుగుల ఎత్తు. చుట్టూ దట్టమైన ముళ్ల కంచె. అంతే. గోల్కొండ, గండికోట చూసిన కళ్లకు ఇది ఊరి పెద్ద దొడ్డిలా ఉంటుంది. కానీ దాని బలమంతా ఆ మట్టిలోనే ఉంది. రాతిగోడ ఫిరంగి గుండు దెబ్బకు బద్దలవుతుంది, మట్టిగోడ గుండును మింగేస్తుంది. కూలినా రాళ్లు తేనక్కర్లేదు, శిల్పులు రానక్కర్లేదు. కాళ్ల కింద ఉన్న మట్టే మళ్లీ గోడవుతుంది. కంపెనీ మీద తిరగబడ్డ కట్టబొమ్మన్‌ను 1799 అక్టోబర్ 16న కయత్తారులో ఉరితీశారు. కోట పడగొట్టారు. 1801 ఫిబ్రవరి 2న ఆయన తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెరసాల నుంచి తప్పించుకున్నాడు. కొద్ది రోజుల్లోనే కంపెనీ సేన పాంచాలంకురిచి దగ్గరికి వచ్చి చూస్తే కోట నిలబడి ఉంది! మార్చి నెలాఖరున దాడి చేసి దెబ్బతిని వెనక్కి పోయారు. మే 24న గానీ అది లొంగలేదు. ఈసారి కంపెనీ కోటను నేలమట్టం చేసి ఊరుకోలేదు, ఆ చోటు దున్ని ఆముదాలు చల్లిందని జనం చెప్పుకుంటారు.

అటువంటి కోటకు గుర్తుగా 1974లో తమిళనాడు ప్రభుత్వం కట్టిందేమిటి? సిమెంటు కోట. పళ్లపళ్లుగా కత్తిరించిన పిట్టగోడలు, తోరణ ద్వారం, లోపల వీరుడి విగ్రహం, గోడల మీద ఆయన జీవిత ఘట్టాల చిత్రాలు. విమర్శకుడిగా నాకు ఇక్కడే పేచీ. స్మారకం కట్టొద్దనడం లేదు. దేన్ని స్మరిస్తున్నామో దాని స్వభావాన్నే ఇది తారుమారు చేసింది. మట్టితో కట్టడం పేదరికం కాదు, అది యుద్ధతంత్రం. ఊరి మనుషులు చేత్తో తిరిగి నిలబెట్టగలిగిన గోడ అది. సిమెంటు కోటను చూసి వెళ్లిన పిల్లవాడికి ఆ సంగతి తట్టే దారి లేదు. వాడి మనసులో మిగిలేది ఏ రాజస్థాన్ కోటకో చిన్న నకలు.

రాజస్థాన్ అని ఊరికే అనలేదు. 1959లో శివాజీ గణేశన్ నటించగా బి.ఆర్. పంతులు తీసిన సినిమా కట్టబొమ్మన్‌కు శాశ్వతమైన రూపం ఇచ్చింది. దాని బయటి సన్నివేశాలు కొన్ని జైపూర్‌లో తీశారు. 1974 స్మారకం పాంచాలంకురిచి కంటే ఆ సినిమాకే ఎక్కువ రుణపడి ఉంది. అదే సినిమా తెలుగులోకి డబ్బింగై 'వీరపాండ్య కట్టబ్రహ్మన'గా వచ్చింది. తెలుగు మాట్లాడే నాయకుడి కథ తెలుగువాళ్లకు తమిళం మీదుగా, గొంతు మార్చుకుని చేరింది. మనవాళ్లలో చాలామందికి ఆయన మూలం ఇప్పటికీ తెలియదు.

సినిమాలో అందరికీ గుర్తుండే ఘట్టం, పన్ను ఎందుకు కట్టాలని తెల్లదొరను నిలదీసేది. దస్తావేజుల్లో కనపడే కట్టబొమ్మన్ కొంచెం వేరు, నా దృష్టిలో ఇంకా ఆసక్తికరమైన మనిషి. 1798లో ఆయన బకాయి 3310 వరహాలు. కలెక్టర్ జాక్సన్ పిలిపిస్తే ఈయన కుర్తాళం వెళ్లాడు. అక్కడ దర్శనం ఇవ్వలేదు. శ్రీవిల్లిపుత్తూరు వెళ్లాడు, అక్కడా లేదు. రోజుల తరబడి దొర మకాం వెంటే తిరిగి, చివరికి సెప్టెంబర్‌లో రామనాథపురంలో కలిశాడు. అప్పటికి బాకీలో చాలామటుకు తీరిపోయి 1080 వరహాలే మిగిలాయి. అక్కడ నిలబెట్టి ప్రశ్నించారు, నిర్బంధించబోయారు, ఘర్షణ జరిగింది. ఈయన తప్పించుకున్నాడు గానీ మంత్రి శివసుబ్రహ్మణ్య పిళ్లై చిక్కాడు. తర్వాత విచారణ జరిపి జాక్సన్‌ను ఆ పదవి నుంచి తప్పించింది కంపెనీయే. అంటే మొదట ఇక్కడ ఉన్నది పన్ను కట్టనన్న మనిషి కాదు. లెక్క సరిచూసుకుందామని మర్యాదగా వెంటపడి, అవమానం మీద అవమానం పడ్డాక తిరగబడ్డ మనిషి. సినిమా ఆయన్ను పెద్దవాణ్ణి చేసిందంటారు. ఆ దారి పొడుగునా పడిన బాధను మింగేసి చిన్నవాణ్ణి చేసిందని నేనంటాను.

ఇక ఎట్టప్పన్. ఈ పేరు తమిళంలో ఇప్పుడు మామూలు నామవాచకం. పార్టీ మారిన రాజకీయ నాయకుణ్ణి తిట్టాలన్నా, ఆఫీసులో చాడీలు చెప్పేవాణ్ణి తిట్టాలన్నా ఇదే మాట. ఎట్టయపురం పాళెగాడు కంపెనీ పక్షాన నిలిచాడన్నది నిజమే. రెండు పాళేల మధ్య అరుంకుళం, సుబ్రమణియపురం ఊళ్ల మీద తగాదా ఉండేది. కంపెనీ వాటిని ఎట్టయపురానికి ఇవ్వడం కట్టబొమ్మన్ మనసులో ముల్లయింది. కానీ అడవిలో దాగిన కట్టబొమ్మన్‌ను పట్టి కంపెనీ సేనాని బానర్మన్‌కు అప్పగించింది ఎట్టప్ప కాదు, పుదుక్కోట తొండైమాన్. తిట్టు మాత్రం తొండైమాన్‌కు అంటలేదు. పుదుక్కోట దూరాన ఉంది, సంస్థానంగా పెద్దది, 1948 దాకా నిలిచింది. ఎట్టయపురం పొరుగున ఉంది, ఒకే కులం, చిన్నది. ద్రోహి మన పక్కవాడైతేనే కథ రక్తికడుతుంది కదా. ఇంకో సంగతి. అంతకు నలభై ఏళ్ల ముందు కంపెనీ పక్షపు యూసఫ్ ఖాన్ మీద పోరాడి చచ్చిపోయాడని చెప్పుకునే అళగుముత్తు కోన్ ఎట్టయపురం పక్షంలోని వాడే. ఆయన స్మారకం కట్టాలంగుళంలో ఉంది. ఆ ఒక్క ఊరే ఎట్టయపురం కేసులో ప్రతివాది తరఫు సాక్షి.

కయత్తారును ఇక్కడ ఒక్కసారి తలచుకోవాలి. ఉరితీసిన చింతచెట్టు దగ్గర, దారిన పోయేవాళ్లు ఒక్కో రాయి వేసి వెళ్లేవాళ్లట. ఏళ్ల తరబడి అది గుట్టగా పెరిగింది. దాని మీద శిలాఫలకం లేదు, ప్రారంభోత్సవం లేదు, ప్రభుత్వం ఖర్చూ లేదు. తర్వాత శివాజీ గణేశన్ అక్కడ విగ్రహం పెట్టించాడు. విగ్రహం బాగానే ఉంటుంది, ఆ ముఖంలో కట్టబొమ్మన్ ఎంత, శివాజీ ఎంత అన్నది చూసేవాళ్లు తేల్చుకోవాలి. ఈ ప్రాంతంలో కట్టబొమ్మన్‌కు దక్కిన స్మారకాలన్నిటిలో ఆ రాళ్లగుట్టే నిజాయితీ అయినదని నా అభిప్రాయం.

పాంచాలంకురిచికి ప్రాణం పోసేది సిమెంటు కోట కాదు, పక్కనే ఉన్న వీర జక్కమ్మ గుడి. చిత్తిరై నెల చివర తిరునాళ్లప్పుడు చుట్టుపక్కల జిల్లాల నుంచి రాజకంబళం జనం వస్తారు. జక్కమ్మ పేరు తలచి సోదె చెప్పేవాళ్లు తెలుగు ఊళ్లకూ కొత్త కాదు. పాంచాలంకురిచికీ రాయలసీమకూ మధ్య తెగని తాడు ఉంటే అది ఆ అమ్మవారే. పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్న పాత కోట పునాదులు కూడా ఆ దగ్గర్లోనే ఉన్నాయి. మోకాటి ఎత్తు కూడా లేని గోడల మొదళ్లు. సిమెంటు కోట దగ్గర ఫొటోలు దిగినవాళ్లలో ఎందరు అటు నడుస్తారో!

ఎట్టయపురంలో అంతా తారుమారు. అక్కడ నిలబెట్టడానికి ఎవరూ కొత్తగా ఏమీ కట్టనక్కర్లేదు, ఉన్నదే కూలుతోంది. దివాణం శిథిలమవుతోంది. 1803 శాశ్వత శిస్తు నిర్ణయంతో పాళెగాడు జమీందారయ్యాడు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ పోయింది. రాబడి పోయాక అంతంత పైకప్పులు ఎవరు నేయిస్తారు? ద్రోహి ఇల్లని పేరుపడ్డ చోట ప్రభుత్వం డబ్బు పెట్టడం ఏ పార్టీకీ లాభం లేని పని. ఊళ్లో మిగతా గుర్తులకు అంత ఇబ్బంది లేదు. 1882 డిసెంబర్ 11న భారతి పుట్టిన ఇల్లు ప్రభుత్వ స్మారకమైంది. రచయిత కల్కి పూనికతో జనం చందాలేసుకుని కట్టిన మణిమండపాన్ని 1947లో రాజాజీ తెరిచాడు. సీరాప్పురాణం రాసిన ఉమరుప్పులవర్ సమాధి ఉంది. పదకొండేళ్ల సుబ్బయ్యకు 'భారతి' బిరుదు దక్కింది ఈ కొలువులోనే, తర్వాత కొంతకాలం ఆయన జీతం తీసుకున్నదీ ఇక్కడే. అయినా జనం భారతిని తీసుకుని ఎట్టప్పను వదిలేశారు. కొమ్మను ఇష్టపడి చెట్టును తిట్టినట్టుంది వరస.

తెలుగువాడు అసలు ఆగాల్సింది ముత్తుస్వామి దీక్షితుల సమాధి దగ్గర. తమ్ముడు బాలుస్వామి ఎట్టయపురం ఆస్థాన విద్వాంసుడు. మద్రాసులో ఐరోపా వాద్యకారుడి దగ్గర ఫిడేలు నేర్చి, దాన్ని కర్ణాటక సంగీతంలోకి తెచ్చినవాడు. అన్నగారు తమ్ముడి కోసం ఈ మెట్ట సీమకు వస్తూ ఎండిన చేలు చూసి అమృతవర్షిణి పాడితే వాన కురిసిందని కథ. వర్షాధారపు పత్తి నేలలో పుట్టాల్సిన కథే అది, కావేరి ఒడ్డున పుట్టదు. 1835లో నరకచతుర్దశి నాడు ఆయన ఇక్కడే పోయారు. కంపెనీ బ్యాండు బాణీలకు సంస్కృత సాహిత్యం కూర్చిన వాగ్గేయకారుడు, కంపెనీతో రాజీపడ్డ జమీందారు ఊళ్లో కన్నుమూశారు. ఆ కాలంలో ఎవరు ఎవరి పక్షమో తేల్చడం బడి పాఠం చెప్పినంత తేలిక కాదు.

బాలుస్వామి తన దౌహిత్రుణ్ణి దత్తత చేసుకున్నాడు. ఆయనే సుబ్బరామ దీక్షితులు. ఇంట్లోనే దాగిన పాటల్ని అచ్చు వేయించాలని వెంటపడినవాడు చిన్నస్వామి ముదలియార్ అనే క్రైస్తవ సంగీత పండితుడు. కర్ణాటక కృతుల్ని ఐరోపా స్వరలిపిలో అచ్చేయడానికి ఉన్నదంతా ఊడ్చిపెట్టినవాడు. ఆయన పట్టుదల, జమీందారు సొమ్ము, ముసలి విద్వాంసుడి జ్ఞాపకం, ఈ మూడూ కలిసి 1904లో ఎట్టయపురం విద్యా విలాసిని ముద్రణాలయంలో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చయింది. ఆ పుస్తకం తెలుగులో ఉంది. తిరునెల్వేలి జిల్లా మారుమూల, రైలు కూడా లేని ఊళ్లో, వెయ్యిన్నర పేజీలకు మించిన తెలుగు గ్రంథం!

ఆ పేజీ ఒకటి తెరిచి చూడండి. స్వరాల మీద చిన్న చిన్న గుర్తులుంటాయి. అలల గీత కంపితం. పైకి వాలిన గీత ఒక జారు, కిందికి వాలినది ఇంకో జారు. అడ్డంగా కొట్టిన చిన్న ఇంటూ గుర్తు ఒదుక్కల్. గొంతులో కదిలే ఒంపును కాగితం మీద పట్టాలన్న మొండితనం ప్రతి వరసలో కనిపిస్తుంది. ఇంకా దగ్గరగా చూస్తే మరో తమాషా. వివరణ తెలుగులో, కృతి సంస్కృతంలో, గమకాల పేర్లలో ఇరక్కజారు, ఒదుక్కల్, ఒరికై లాంటివి శుద్ధ తమిళం. ఎట్టయపురం వీధిలో వినపడే మాటల కలగలుపే ఆ పేజీలో ఉంది. కోవిల్‌పట్టి, విరుదునగర్ పల్లెల్లో నేటికీ తెలుగు ఎలా బతుకుతోందో, నూట ఇరవై ఏళ్ల క్రితం శాస్త్రగ్రంథంలో అలాగే బతికింది. మొదట్లో ఉన్న వాగ్గేయకారుల చరితలో 77 మంది సంగతులున్నాయి. మేళకర్త పద్ధతికి ఆద్యుడైన వెంకటమఖి సంప్రదాయం మనకు ఇంత దక్కిందంటే ఈ పుస్తకం పుణ్యమే. తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడెమీ దాన్ని తమిళ లిపిలో తెచ్చాక గానీ తమిళ విద్వాంసులకు చేతికందలేదు.

ఇక్కడ ఒక ముడి ఉంది, దాన్ని దాటేస్తే ఈ పోలిక అబద్ధమవుతుంది. 1799 తర్వాత పాంచాలంకురిచి భూముల్ని కంపెనీ తనకు విధేయులైన పాళెగాళ్లకు పంచింది. ఎట్టయపురానికి అందులో వాటా వచ్చింది. అంటే ఆ దివాణం పెరిగిన రాబడిలో, విద్వాంసుల జీతాల్లో, చివరికి అచ్చు ఖర్చులో కూల్చిన కోట నేల పండించిన పత్తి కూడా కొంత ఉంటుంది. అందుకని పుస్తకం విలువ తగ్గదు. కట్టబొమ్మన్ గెలిచుంటే ఆయనా విద్వాంసుల్ని పోషించేవాడేమో, ఎవరికి తెలుసు? కానీ ఎట్టయపురాన్ని సంగీత క్షేత్రమని మాత్రమే పొగిడేవాళ్లు, పాంచాలంకురిచిని వీరభూమి అని మాత్రమే పొగిడేవాళ్లు, ఇద్దరూ సగం దస్తావేజే చదువుతున్నారు. ఒక ఊరి నష్టపు పద్దు రెండో ఊరి జమ పద్దులో ఉంది.

రెండింటి మధ్యా ఒట్టపిడారం ఉంది. అక్కడి గుర్తు వ.ఉ. చిదంబరం పిళ్లై ఇల్లు. 1872లో పుట్టి, 1906లో తూత్తుకుడిలో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టి, 1908లో జైలుకు వెళ్లి గానుగ లాగినవాడు. ఆ ఇంటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, నిరాడంబరంగా, చిన్న గ్రంథాలయంతో బాగుంది. చెప్పాల్సింది పేర్ల గురించి. 1986లో తిరునెల్వేలిని చీల్చినప్పుడు కొత్త జిల్లాకు చిదంబరనార్ పేరు పెట్టారు. పాతదానికి కట్టబొమ్మన్ పేరు కలిపారు. విరుదునగర్ కామరాజర్ జిల్లా అయింది. 1997లో విరుదునగర్ కేంద్రంగా ఒక బస్సు సంస్థకు వీరన్ సుందరలింగం పేరు పెట్టారు. ఒట్టపిడారం పక్కనున్న కవర్నగిరిలో పుట్టి, కట్టబొమ్మన్ కోసం ప్రాణమిచ్చిన దళిత యోధుడాయన. ఆ పేరున్న బస్సు ఎక్కబోమని పై కులాల వాళ్లు కొందరు గొడవకు దిగారు, అల్లర్లయ్యాయి. ప్రభుత్వం చేతులెత్తేసి జిల్లాలకూ బస్సు సంస్థలకూ ఉన్న పేర్లన్నీ ఒక్కసారిగా తీసేసింది. సిమెంటు కోట గోడల మీద రాజు పక్కనే నిలబడ్డ సుందరలింగాన్ని భక్తిగా చూసినవాళ్లే, ఆ పేరు తమ ఊరికొచ్చే బస్సు నొసట కనిపిస్తే ఓర్వలేకపోయారు. స్మారకాలు నేర్పిన చరిత్ర ఎంత లోతుకు దిగిందో తెలుసుకోవడానికి ఇంతకంటే గట్టి పరీక్ష ఉండదు.

కోటలూ దివాణాలూ లేకుండా ఈ సీమ తెలుగువాళ్ల చరిత్ర రాసినవాడొకడున్నాడు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్. ఇంట్లో తెలుగు, రాత తమిళం. 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం'లో ఉత్తరం నుంచి పారిపోయి వచ్చిన తెలుగు కుటుంబాలు అడవి కొట్టుకుని ఊరు కట్టుకుంటాయి. నూరేళ్లు దాటిన అవ్వ ఆ సంగతులన్నీ చెబుతుంది. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. ఆ నవలలో ఊరే స్మారకం: ఏ చెట్టు ఎవరు కొట్టారు, ఏ చెలకకు ఎవరి పేరు. 2021లో ఆయన పోయాక కోవిల్‌పట్టిలో ప్రభుత్వం స్మారక భవనం కట్టించింది. మంచిదే.

ఎట్టయపురం దివాణానికి పైకప్పు వేయించమని అడిగేవాళ్లున్నారు. నన్నడిగితే ఆ ఊళ్లో ముందు గుర్తు పెట్టాల్సింది దివాణానికి కాదు, విద్యా విలాసిని అచ్చాఫీసుకు. దివాణం ముందు నిలబడితే ఎట్టప్ప ద్రోహియా కాదా అన్న వాదనే మళ్లీ మొదలవుతుంది. అచ్చాఫీసు అలా కాదు. తమిళ దేశంలో తెలుగు అక్షరాలు పేర్చిన కూలివాడెవడో, ఒదుక్కల్ గుర్తు తప్పు పడిందని ప్రూఫులు తిప్పి పంపిన ముసలాయన ఎంత విసుక్కున్నాడో, ఒక జారు గీతకు టైపు దొరక్క పని ఎన్ని రోజులు ఆగిందో, అడగాల్సిన ప్రశ్నలు అక్కడ బోలెడున్నాయి.